మూడొందల శాతం

ఆవిడ వ్యాయామం టీచరు. బళ్ళో కాదు, టౌన్‌హాల్లో. రోజూ పొద్దున్నే అరవై దాటిన ఆడవాళ్ళు ముప్ఫై మంది దాకా అక్కడికి వస్తారు. చేతులెత్తడం, మెడ తిప్పడం, కుర్చీలోంచి ఆసరా లేకుండా లేవడం లాంటివి చేయిస్తుంది. వాళ్ళందరూ కలిసి ఆవిడకి పెట్టిన పేరు హారన్. ముందు చాటుగా అనుకునేవాళ్ళు, తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు. ఆవిడ కూడా పట్టించుకోలేదు, నిజానికి కాస్త గర్వంగానే ఉండేది. హాల్లో మైకు ఉంది గానీ ఆవిడ ఎప్పుడూ దాన్ని ముట్టుకోలేదు. స్టేజీ మీద నిలబడి “కుడి చెయ్యి పైకి” అంటే బయట సైకిల్ స్టాండులో ఉన్నవాళ్ళు కూడా తలతిప్పి చూసేవాళ్ళు.

ఇంట్లోనూ అదే గొంతు. భర్త కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేములకి బిగించే పని చేస్తాడు. రోజంతా చిన్న చిన్న స్క్రూలతో గడిపే మనిషి. మాట కూడా అలాగే ఉంటుంది, నెమ్మదిగా, ఆచితూచి. ఆయన ఒక వాక్యం మొదలుపెట్టి మధ్యలో సరైన మాట కోసం వెతుక్కునే లోపల ఈవిడ ఆ మాట అందించి, వాక్యం పూర్తిచేసి, దానికి జవాబు కూడా చెప్పేసేది. ఆయన తల ఊపేవాడు. ఇంటికొచ్చిన చుట్టాలు “అదృష్టవంతుడివి బాబూ, నోరు నొప్పెట్టే పనే లేదు” అని నవ్వేవాళ్ళు.

ఆవిడ మెడ ముందు భాగంలో ఒక గడ్డ కనిపించింది. చెడ్డ గడ్డేమీ కాదని తేలింది, కానీ పెరుగుతోంది కాబట్టి తీసెయ్యమన్నారు. ఆపరేషన్ బాగానే జరిగింది. తెలివొచ్చాక నర్సు “అమ్మా, ఎలా ఉంది?” అని అడిగితే ఆవిడ “బాగానే ఉంది” అంది. ఆ మాట బయటికి రాలేదు. గాలి వచ్చింది, మాట రాలేదు.

డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. గొంతులో రెండు పొరలుంటాయి, మాట్లాడేటప్పుడు రెండూ దగ్గరికొచ్చి అదురుతాయి. వాటిలో ఒకటి కదలడం లేదు. గడ్డ పక్కనే వెళ్ళే నరం దెబ్బతింది. కొందరికి కొన్ని నెలల్లో తిరిగొస్తుంది, కొందరికి రాదు. అప్పటిదాకా గట్టిగా మాట్లాడే ప్రయత్నం చెయ్యొద్దు. “గుసగుసలు కూడా వద్దు, అవి ఇంకా శ్రమ. ఎంత వస్తే అంత, మామూలుగా మాట్లాడండి.”

ఎంత వస్తే అంత అంటే పక్కనున్న మనిషికి వినపడేంత. అది కూడా చుట్టూ ఏ చప్పుడూ లేకపోతే.

కుట్లు మానాక ఆవిడ హాలుకి వెళ్ళింది. ఈసారి మైకు పెట్టి చూసింది. ఆ మైకు పాతది, దానికి బలమైన గొంతు కావాలి. ఈవిడ గాలి దానికి ఆనలేదు. ముందు వరసలో కూర్చునే రిటైరైన పోస్టుమాస్టరమ్మకి అసలే చెవులు మందం. ఆవిడ పక్కావిణ్ణి చూసి చెయ్యెత్తింది, పక్కావిడ తన పక్కావిణ్ణి చూసి దించింది. పావుగంటకి ఎవరి వ్యాయామం వాళ్ళదైపోయింది.

ఆ సాయంత్రం కూతురు ఫోన్ చేసింది. ఆ అమ్మాయి వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తుంది. తల్లి మాట సరిగ్గా అందక, తండ్రి మధ్యవర్తిగా ఒక్కో మాటా అందించాడు. అంతా విని కూతురు, “అమ్మా, ఫోన్‌లో రికార్డు చెయ్యి. మెల్లగా చెప్పినా పర్లేదు. గొంతు పెంచే సైట్లు ఉన్నాయి. ఫైలు అందులో వేస్తే ఎంత కావాలంటే అంత పెద్దది చేసి ఇస్తుంది” అంది. లింకు పంపింది.

సైటు తెరిస్తే పెద్ద చతురస్రం ఒకటి, అందులో ‘ఫైలు ఇక్కడ వేయండి’ అని ఉంది. కింద ఒక గీత, గీత మీద చిన్న గుండ్రని బొత్తాం. మధ్యలో వంద శాతం. ఎడమకి జరిపితే తగ్గుతుంది, కుడికి జరిపితే పెరుగుతుంది. ఆ పక్కన ‘దించుకోండి’. ఇంకేమీ లేదు. ఆవిడ కంప్యూటర్ మనిషి కాదు, అయినా ఒక్కపూటలో పట్టేసింది. పడగ్గదిలో కూర్చుని, తలుపు దగ్గరగా వేసి, ఫోను నోటి దగ్గర పెట్టుకుని మొత్తం క్లాసు చెప్పింది. సాయంత్రానికి గొంతు మంటెక్కింది.

నూట యాభై పెట్టి విన్నది. చాలలేదు. రెండొందలు చాలలేదు. నాలుగొందలు పెడితే మాటలు చిట్లిపోయాయి, రేకు మీద వాన పడినట్టు గరగర. వెనక్కి జరుపుతూ జరుపుతూ మూడొందల దగ్గర ఆగింది. గొంతులో బుస ఉంది, కానీ మాట తెలుస్తోంది. మొదటి రెండు నిమిషాలు విని చాలనుకుంది. కూతురు స్పీకరు కూడా ఒకటి పంపింది. అది చేరిన మర్నాడు ఆ ఫైలు ఫోన్లో వేసుకుని హాలుకి వెళ్ళింది.

క్లాసు సాఫీగానే మొదలైంది. స్పీకర్లోంచి “భుజాలు వెనక్కి... ముందుకి” అని వస్తుంటే ఆవిడ స్టేజీ మీద చేసి చూపిస్తోంది. పాము బుసకొట్టినట్టుందని వెనక ఎవరో అన్నారు. అయినా చేశారు. మోకాళ్ళ దాకా వచ్చారు. “ఎడమ మోకాలు పైకి” అంది స్పీకరు. అందరూ కుర్చీ వెన్ను పట్టుకుని మోకాలు ఎత్తారు. మెల్లగా లెక్కపెట్టుకోవడానికి ఆవిడ రికార్డింగులో అక్కడ కొంచెం ఖాళీ వదిలింది. ఆ ఖాళీలో ఒక మగగొంతు వినపడింది. దూరంగా ఉంది, కానీ ప్రతి మాటా స్పష్టంగా ఉంది.

“ఆపరేషన్ అయినప్పట్నుంచీ ఇల్లు ప్రశాంతంగా ఉందిరా. పెళ్ళయిన ఇన్నేళ్ళకి, నేను మొదలుపెట్టిన మాట నేనే పూర్తిచేస్తున్నా.”

తర్వాత ఆవిడ గొంతు: “కిందికి.”

ఎవరూ దించలేదు. ముప్ఫై మందీ ఎడమ మోకాలు గాల్లో పెట్టుకుని నిలబడ్డారు. పోస్టుమాస్టరమ్మ పక్కావిణ్ణి, “ఏం ఎత్తమన్నాడు?” అని అడిగింది.

అప్పుడు మొదలయ్యాయి నవ్వులు. ముందు ఒకరిద్దరు, తర్వాత వరసలకి వరసలు. లాయరుగారి అత్తగారు కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకుంటూ, “మా ఆయన అనాల్సిన మాట మీ ఆయన అన్నాడమ్మా. మా ఆయనకి ఆ అదృష్టం పట్టకుండానే పోయాడు” అంది. స్టేజీ మీద ఆవిడ నవ్వలేదు, రికార్డింగు ఆపలేదు. కుడి మోకాలు ఎత్తింది, దించింది. చివరిదాకా చేయించి, స్పీకరు సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చింది.

భర్త షాపులో ఉన్నాడు. ఆవిడ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ ముక్క మళ్ళీ విన్నది. ఆయన అక్కడితో ఆగలేదని అనిపించింది, తన గొంతు మీద పడడం వల్ల తర్వాతి మాటలు కలిసిపోయాయి. ఆ ఒక్క నిమిషం కత్తిరించి, మళ్ళీ సైటులో వేసి, బొత్తాన్ని కుడి చివరికంటా లాగింది. తన గొంతు చెవులు పగిలేలా వచ్చింది, దాని వెనక ఫ్రిజ్జు మోత, పక్కింటి తలుపు, ఫ్యాను. వాటి మధ్యలో ఆయన. ఆవిడ కళ్ళు మూసుకుని వింది. ఫోన్లో తమ్ముడితో మాట్లాడుతున్నాడు. వాళ్ళ నీళ్ళ మోటారు వాషరు అరిగిపోయిందట, కొత్తది ఫలానా సైజు వెయ్యాలట. తమ్ముడి భార్యకి కొత్త కళ్ళజోడు వచ్చే వారం ఇస్తాడట. అంతే. అంతకన్నా మంచి మాటా లేదు, అంతకన్నా చెడ్డ మాటా లేదు.

మధ్యాహ్నం ఆయన భోజనానికొచ్చాడు. ఆవిడ వడ్డించి, ఎదురుగా కూర్చుంది.

“క్లాసులో మీ మాట వినిపించింది” అంది.

“నా మాటా? ఏం మాట?”

ఆవిడ ఫోను బల్లమీద పెట్టి నొక్కింది. ఆయన విన్నాడు. ముద్ద కంచంలో పెట్టేసి, ఎడమ చేత్తో ఫోను దగ్గరికి లాక్కుని ఇంకోసారి విన్నాడు.

“నేనే. తమ్ముడితో అన్నా” అన్నాడు. “నీకు వినపడుతుందనుకోలేదు.”

“నాకు వినపడలేదు. ముప్ఫై మందికి వినపడింది.”

ఆయన కంచంలోని ముద్దని వేలితో అటూ ఇటూ జరిపాడు. అలవాటుగా ఆవిడ నోరు తెరిచింది, కానీ ఆ గాలితో ఏం అనాలో తోచక ఊరుకుంది.

“ఊరికే అన్నానని చెప్పనా?” అన్నాడు ఆయన.

“వద్దు.”

“ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు నువ్వు అద్దం ముందు కూర్చుని ఏడ్చావు చూడు. నేను వంటింట్లో ఉన్నా. నాకు... బాధ రావాలి కదా. వచ్చింది. కానీ దాంతోపాటు చెవుల్లోంచి దూది తీసేసినట్టు కూడా అయింది. హాయిగా ఉంది. పెళ్ళాం ఏడుస్తుంటే హాయిగా ఉండడమేంటని సిగ్గేసింది. అందుకే వాడికి చెప్పా.”

“సిగ్గేస్తే ఫోన్ చేసి మరీ చెప్తారా?”

“ఎవరికో ఒకరికి చెప్పాలిగా. నీకు చెప్పలేను.”

ఆవిడ కూరగిన్నె తీసుకుని లేచి వెళ్ళింది. వారం పైన ఆయనతో అవసరమైతే తప్ప మాట్లాడలేదు. అది ఆయనకి పెద్దగా తెలియలేదేమో, ఎందుకంటే అవసరమైన మాటలే గొంతు మోయగలిగినవి. కోపంగా ఉందన్న సంగతి తెలియడానికి గిన్నెలు కాస్త గట్టిగా పెట్టాల్సి వచ్చింది.

ఈ లోపల క్లాసు చిక్కిపోతోంది. ప్రతి వారం కొత్త రికార్డింగు చెయ్యడమంటే గొంతుకి మంట. డాక్టరు చూసి, ఇలాగే చేస్తే ఆ రెండో పొర కూడా పాడవుతుందని చెప్పాడు. ఇటు బుస గొంతు వినలేక కొందరు మానేశారు. హాలు చూసుకునే ఆయన, ఆ టైము కరాటే నేర్పే అతను అడుగుతున్నాడని మర్యాదగానే చెప్పాడు.

తన పాత గొంతు ఎక్కడైనా దొరుకుతుందేమో, ముక్కలు కత్తిరించి అతికిద్దామని ఆవిడకి ఆలోచన వచ్చింది. కూతుర్ని అడిగితే ఫోన్లో ఉన్న వీడియోలన్నీ పంపింది. క్లాసువి పనికి రాలేదు, హాలు ప్రతిధ్వనితో నిండిపోయి ఉన్నాయి. ఇంట్లోవి తీసింది. ఒకటి కూతురు ఉద్యోగంలో చేరిన రోజు భోజనాల బల్ల దగ్గర తీసింది. పెడితే తన గొంతు మొదటి మాటకే ఇయర్‌ఫోన్లు చెవుల్లోంచి లాగేసేలా చేసింది. ఆవిడ ఆ వీడియోలోని శబ్దాన్ని సైటులో వేసి, మొట్టమొదటిసారి బొత్తాన్ని ఎడమకి జరిపింది. సగానికి తగ్గించి మళ్ళీ పెట్టింది.

వీడియోలో భర్త కూతురికి ఏదో చెప్తున్నాడు. “నేను మొదటిసారి పనిలో చేరిన రోజు మా ఓనరు నా చేతికి ఒక అద్దం—” అన్నాడు. తన గొంతు: “అద్దం ఇచ్చి పగలగొట్టమన్నాడు, తెలుసులే, పచ్చడి అటివ్వండి.” కాసేపటికి ఆయన, “పగలగొట్టమని కాదు, దాన్ని—” తన గొంతు: “అదే, అరగదీయమని.” ఇంకాసేపటికి ఆయన మళ్ళీ “దాన్ని పట్టుకుని” అన్నాడు. ఆ తర్వాత అనలేదు. కూతురు నవ్వుతోంది. బల్ల దగ్గర అందరూ సంతోషంగానే ఉన్నారు. ఆయన కూడా.

ఓనరు ఆ అద్దంతో ఏం చెయ్యమన్నాడో తనకి తెలియదని ఆవిడకి అప్పుడు అర్థమైంది. తెలుసుననే ఇన్నాళ్ళూ అనుకుంది. ఆయన గొంతు ఒక్కటే పెంచి వినాలని చూసింది గానీ ఆ సైటులో అది కుదరదు. ఒకరిది పెంచితే అందరిదీ పెరుగుతుంది. పైగా ఆయన అసలు అననే లేదు.

ఆ సాయంత్రం ఆయన షాపు నుంచి రాగానే అడిగింది. “మీ ఓనరు మొదటిరోజు అద్దం చేతికిచ్చి ఏం చెయ్యమన్నాడు?”

ఆయన చెప్పులు విడుస్తూ ఆగాడు. “ఎందుకు?”

“చెప్పండి.”

“దాన్ని పట్టుకుని వీధి చివరిదాకా నడిచి రమ్మన్నాడు. వేలి గుర్తు పడకుండా” అన్నాడు. “పడింది. మూడుసార్లు పంపించాడు.”

“తర్వాత?”

“తర్వాత పడలేదు” అని లోపలికి వెళ్ళి మొహం కడుక్కున్నాడు.

తువ్వాలు అందిస్తూ ఆవిడ, “నా క్లాసు మీరు చదవండి” అంది.

“నా గొంతా? ఎవరికి వినపడుతుంది?”

“వినపడేలా చేస్తాను.”

ఆయన చదివాడు. మందుసీసా మీద రాసింది చదివినట్టు చదివాడు. “కుడి. చెయ్యి. పైకి.” ఆవిడ రెండొందల యాభై పెట్టింది. ఈసారి ముందే ఫ్రిజ్జు స్విచ్చి తీసి, ఫ్యాను ఆపి, కిటికీలు వేసింది. ఆయన గొంతులో బుస లేదు, చిట్లలేదు. పెంచినకొద్దీ నిండుగా వచ్చింది.

హాల్లో మొదటిరోజు అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. “ప్రశాంతంగారే కదూ?” అంది లాయరుగారి అత్తగారు. ఆ పేరు ఆయనకి స్థిరపడిపోయింది. పోస్టుమాస్టరమ్మ క్లాసయ్యాక స్టేజీ దగ్గరికొచ్చి, “మగగొంతు నాకు బాగా అందుతుందమ్మా. నీది సన్నగా ఉండేది, ఎంత అరిచినా” అంది. ఆవిడ ఇంటికెళ్ళి ఈ ముక్క భర్తకి చెప్పలేదు. పోస్టుమాస్టరమ్మే ఒకరోజు కళ్ళజోడు బాగుచేయించుకోవడానికి షాపుకి వెళ్ళి స్వయంగా చెప్పింది.

ఆ తర్వాత ఆయనకి కొంచెం తలకెక్కింది. ఆవిడ రాసిచ్చింది చదివి ఊరుకోకుండా సొంతంగా కలపడం మొదలుపెట్టాడు. “ఇప్పుడు మెడ. తొందరేం లేదు” అనేవాడు. అంతవరకు బాగానే ఉంది. ఒకసారి ఆవిడ పూర్తిగా వినకుండా తీసుకెళ్ళిన ఫైల్లో, “మోకాలు నొప్పిగా ఉంటే మానెయ్యండి, కొంపలేం మునగవు” అని ఉంది. పోస్టుమాస్టరమ్మ వెంటనే కూర్చుంది. ఆవిడ చుట్టూ ఉన్న ఆరుగురూ కూర్చున్నారు. మర్నాడూ కూర్చున్నారు. లేవమంటే, “సార్ వద్దన్నారుగా” అన్నారు.

“క్లాసు మీదా నాదా?” అని అడిగింది ఆవిడ ఇంట్లో.

“నీదే. కానీ ముసలివాళ్ళని—”

ఆవిడ నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. ఆయన తనకి కావలసిన మాట వెతుక్కుని పట్టుకునేదాకా ఆగింది.

“ముసలివాళ్ళని అంత కష్టపెట్టాలా అని.”

“పెట్టాలి. కుర్చీలోంచి లేవలేకపోతే ఇంకెన్ని కష్టాలో మీకు తెలీదు. మా అమ్మని చూశాను” అంది ఆవిడ. అంత పొడుగు మాట అప్పటి గొంతుకి ఎక్కువే. చివరి మాట వినపడలేదు. ఆయన “ఏమన్నావ్?” అని అడిగితే మళ్ళీ చెప్పింది. సరేనని, మోకాలి దగ్గర సొంత మాటలు మానేశాడు. మెడ దగ్గర, చివర్లో సెలవు తీసుకునేటప్పుడు మాత్రం ఒప్పందం మీద ఒక్కో వాక్యం ఉంచుకున్నాడు.

లెక్క కూడా ఆయన గొంతే పెడుతోంది కాబట్టి ఆవిడ స్టేజీ దిగింది. వరసల మధ్య నడుస్తూ మోచేతులు సరిచేసేది, నడుము కింద చెయ్యి పెట్టి నిలబెట్టేది. చెప్పాల్సింది చెవి దగ్గరే చెప్పేది. అలా తిరుగుతున్నప్పుడే లాయరుగారి అత్తగారి ఎడమ చెయ్యి చెవి దాకా కూడా లేవడం లేదని చూసింది. “ఎన్నాళ్ళనుంచి ఇలా?” అంటే, “చాన్నాళ్ళయింది. అంతదూరం నుంచి నీకు కనపడదని సగం ఎత్తి ఊరుకునేదాన్ని” అంది ఆ పెద్దావిడ. ఆస్పత్రికి పంపితే భుజం బిగుసుకుపోయిందన్నారు. మందులూ కాపడాలూ పెట్టారు. ఇప్పుడు నెత్తి దాకా లేస్తుంది, ఇంకా పైకి వెళ్ళదు.

చలికాలం మొదట్లో ఒక పొద్దున పొయ్యి మీద పాలు పొంగుతుంటే పక్కగదిలో ఉన్న ఆవిడ “పాలు” అని అరిచింది. ఆ మాట వచ్చింది. బొంగురుగా, చీలికగా, కానీ గోడ దాటి వచ్చింది. ఆయన స్టవ్ కట్టేసి గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

“వచ్చేసిందా?”

“వచ్చినట్టుంది” అంది ఆవిడ. ఆ మాట కూడా వచ్చింది.

ఆయన మొహంలో సంతోషం కనపడింది. దాని వెనకే ఇంకొకటి కూడా కనపడింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాత్రం పోల్చుకోవడం ఆవిడకి కష్టం కాదు.

“భయపడకండి” అంది.

“భయమేం లేదు” అన్నాడు ఆయన. చేతిలోని మసిగుడ్డ మడుస్తూ, “కొంచెం ఉంది” అన్నాడు.

ఇద్దరూ నవ్వారు. ఆవిడ నవ్వు కీచుమంది.

డాక్టరు పరీక్ష చేసి, కదలని పొర కాస్త కదులుతోందని, సగం గొంతు వస్తుందని, అంతకన్నా ఆశపడొద్దని చెప్పాడు. మామూలు మాటలకి ఆ సగం సరిపోయింది. మధ్యలో అడ్డం వెళ్ళడం ఆవిడ పూర్తిగా మానిందని చెప్పలేం. ఇప్పుడు రోజుకి రెండుమూడుసార్లు వెళ్తుంది. ఆయన చెయ్యి ఎత్తి, ఆగమన్నట్టు చూపించి, తన వాక్యం పూర్తిచేస్తాడు. ఒక్కోసారి అంత చెయ్యెత్తినా చెప్పడానికి ఏమీ మిగలదు.

క్లాసు మాత్రం ఆయన గొంతుతోనే నడుస్తోంది. కరాటే అతనికి సాయంత్రం టైము ఇచ్చారు. కొత్తగా చేరినవాళ్ళకి ఆ గొంతు ఎవరిదో తెలియదు, డబ్బులిచ్చి ఎవరిచేతో చేయించిందనుకుంటారు.

రికార్డింగు ఆదివారం మధ్యాహ్నం, షాపు సెలవు కాబట్టి. పడగ్గది తలుపుకి పరుపు ఆనిస్తారు. ఆయన మంచం అంచున కూర్చుంటాడు, ఆవిడ ఎదురుగా కుర్చీలో. మొన్న ఆదివారం కొత్త పాఠం, గోడ పట్టుకుని మడమలు ఎత్తడం. ఆయన సగం చదివాక కింద వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేశారు. ఆవిడ వేలితో ఆపమని చూపించింది. బండి వెళ్ళిపోయింది.

“ఎక్కడ్నుంచి?” అన్నాడు ఆయన.

“మడమలు” అంది ఆవిడ.

ఆయన గొంతు సవరించుకుని మడమల దగ్గర్నుంచి మళ్ళీ చదివాడు.